ఓపా చెప్పిన ఓడ

పోయిన నెలాఖరున ఇప్పుడు మేముంటున్న సన్నీవేల్ ఊళ్ళో, మా వీధి పిల్లలంతా ఇక్కడి దయ్యాల పండగకని రకరకాల వేషాలు వేసుకుని, ఇంకా ఎండ ఉండగానే ఇంటింటికీ చాక్లెట్లకు బయల్దేరిన రోజున, నేను ఏటా చేసినట్టే వాకిట్లో కుర్చీ వేయించుకుని, ఒళ్ళో మిఠాయిల గిన్నె పెట్టుకుని కూర్చున్నాను. దయ్యాలూ మంత్రగత్తెలూ ఒకరి తరవాత ఒకరు వచ్చి, గిన్నెలో చెయ్యి పెట్టి, థాంక్యూ చెప్పి వెళ్ళిపోతున్నారు. వాళ్ళ వెనకాల ఒక పొడుగాటి మనిషి, ఏ పిల్లకో తండ్రి అయి ఉంటాడు, మడమల దాకా గౌను తొడుక్కుని, తలమీద రిబ్బను కట్టిన వెడల్పాటి టోపీ పెట్టుకుని, పాతకాలపు పిల్లల బండి ఒకటి తోసుకుంటూ వచ్చాడు. వీధిలో అందరికీ నవ్వుతూ చెయ్యి ఊపుతున్నాడు. నా వైపు తిరిగి నాకూ ఊపాడు. నా చెయ్యి లేవలేదు.

పక్కన నిలబడ్డ మనవరాలు, “అమ్మమ్మా, ఆయన నీకే హాయ్ చెప్తున్నాడు, వేవ్ చెయ్యి” అంది. నేను గిన్నె దాని చేతికిచ్చి లోపలికి వచ్చేశాను. కాలేజీ చదువుతున్న పిల్ల, ఊరుకోదు కదా, సాయంత్రం నా పక్కన చేరి ఏమైందని అడిగింది. ఆ సంగతి మొట్టమొదటిసారిగా దానికి పూర్తిగా చెప్పాను. చెప్పాక, రాసి పెడితే బాగుంటుందేమో అనిపించింది. డెబ్బైల చివర్లో ఈ దేశం వచ్చిన మన ఈడు వాళ్ళకైతే సగం సంగతులు విడమరిచి చెప్పనక్కర్లేదు. నీలం రంగు ఏరోగ్రామ్‌లో చివరి మడత మీద కూడా చోటు వదలకుండా రాసిన ఉత్తరాలు, ఇంటికి ఫోను చేయాలంటే ముందుగా బుక్ చేసుకుని రోజంతా దాని పక్కనే కూర్చోవడం, కందిపప్పు దొరికే కొట్టు కోసం రెండు బస్సులు మారడం, ఇవన్నీ మీకు తెలిసినవే.

నేను డెబ్బై ఎనిమిదిలో నర్సు ఉద్యోగం మీద జెర్సీ సిటీ వచ్చాను. మావారు ఆరు నెలల తరవాత వచ్చి, నది కింద నుంచి పోయే రైల్లో రోజూ మాన్‌హట్టన్ వెళ్ళి ఒక ఇంజనీరింగు ఆఫీసులో డ్రాయింగులు గీసేవారు. మా అమ్మాయి మరుసటేడు ఇక్కడే పుట్టింది. నేను పనిచేసేది ఊళ్ళో ఎత్తు మీదున్న పేటలో ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్. మూడో అంతస్తు కిటికీల్లోంచి నది కనిపించేది, నదిలో సరుకు ఓడలు కనిపించేవి, అక్కడి ముసలివాళ్ళకు పొద్దుపోయేది వాటిని చూస్తూనే. ఒక్కాయన మాత్రం చక్రాల కుర్చీని కిటికీకి వీపు పెట్టి తిప్పించుకుని కూర్చునేవాడు. ఆయన సంగతి చెప్పేముందు మా నాన్న సంగతి చెప్పాలి.

మా నాన్నను నేను చూడలేదు. మాది భీమిలి రేవు. అక్కడి మగవాళ్ళు కొందరు కలకత్తా వెళ్ళి ఇంగ్లీషువాళ్ళ సరుకు ఓడల్లో పనికి కుదిరేవారు, అలాగే ఆయనా కుదిరి, ఇంజను గదిలో బొగ్గు వేసే పని చేసేవాడు. యుద్ధం రోజుల్లో, అమ్మ ఆరో నెల గర్భంతో ఉండగా, చివరిసారి ఓడ ఎక్కాడు. నేను పుట్టిన కొన్నాళ్ళకు కంపెనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పోస్టుమాస్టరుగారు చదివి, ఓడ చేరవలసిన ఊరు చేరలేదు, జాడ తెలియలేదు అని రాశారమ్మా అని చెప్పారట. అమ్మ ఆ మాటను ఉన్నదున్నట్టుగా పట్టుకుంది. జాడ తెలియలేదన్నారు గాని పోయాడనలేదు కదా. మిషను ఆస్పత్రిలో ఆయాగా చేరి నన్ను పెంచి, అదే ఆస్పత్రిలో నర్సు చదువు చెప్పించింది. బొట్టు పెట్టుకోవడం మానలేదు, గాజులు తీయలేదు. నాన్న జాడ లేక పన్నెండేళ్ళు నిండాక కులపెద్దలు వచ్చి, ఇంక కర్మ జరిపించెయ్యమ్మా, నీకూ మంచిది, ఆయనకూ మంచిది అని చెప్పినప్పుడు, తలుపు చాటునుంచి అమ్మ అన్నమాట నాకు బాగా జ్ఞాపకం.

“సూసినోడు ఒకడొచ్చి సెప్పాల. అప్పుడు సూద్దాం.”

ఇంక ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నా దరఖాస్తు ఫారాల్లో తండ్రి ఏం చేస్తాడన్న చోట నేను కూడా ఓడలో పనిచేస్తాడనే రాసేదాన్ని, చాలా ఏళ్ళు. మా ఇంట్లో ఏడుపు ఉండేది కాదు. ఎదురుచూడడం కూడా ఉండేది కాదనే చెప్పాలి. గుమ్మంలో నిలబడి సముద్రంకేసి చూడటం లాంటివి మా అమ్మ చేయగా నేనెప్పుడూ చూడలేదు. బావిలో నీళ్ళు తోడుకున్నంత మామూలుగా రోజులు జరిపింది.

ఇక ఆ పెద్దాయన. ఆయన జర్మన్. యుద్ధం అయిపోయిన కొన్నేళ్ళకు ఈ దేశం వచ్చి, ఆ పేటలోనే ఒక రొట్టెల దుకాణంలో పాతికేళ్ళ పైచిలుకు పనిచేశాడు. పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. చూస్తే ఎనభై దాటినట్టు ఉండేవాడు గాని కాగితాల ప్రకారం అరవై మూడే. వాళ్ళ భాషలో తాతను ఓపా అంటారట, అందరిచేతా అలా పిలిపించుకునేవాడు. షుగర్ జబ్బుతో కుడికాలి రెండు వేళ్ళు తీసేశారు, మడమ మీద ఒక పుండు మానక రెండేళ్ళు బాధపెట్టింది. ఆ పుండుకు రోజూ కట్టు కట్టడం నా పని. మిగతావాళ్ళలా సణిగేవాడు కాదు. నేను వచ్చే బస్సు ఆలస్యమైన రోజున, నువ్వొచ్చేదాకా వేరేవాళ్ళను ముట్టుకోనివ్వలేదని గర్వంగా చెప్పేవాడు.

ఎనభై రెండులో, ఆకులు రాలే రోజుల్లో, కట్టు విప్పుతుంటే ఊరికే మాటల్లో మా ఊరు సముద్రం ఒడ్డునా అని అడిగాడు. బంగాళాఖాతం ఒడ్డున అన్నాను. మీ నాన్నగారు ఏం చేసేవారని అడిగాడు. ఇంగ్లీషు ఓడలో బొగ్గు వేసేవారు, యుద్ధంలో ఆ ఓడ ఏమైందో తెలియలేదు అని చెప్పాను. ఎవరడిగినా అదే చెప్పేదాన్ని, ఊరి పేరు చెప్పినంత తేలిగ్గా. ఓపా మరునాడు భోజనం ముట్టలేదు. ఆ మర్నాడూ ముట్టలేదు. నాలుగు రోజులు నాతో మాట్లాడకుండా కాలు మాత్రం చాపి ఉంచాడు. అయిదో రోజున, తలుపు దగ్గరికి వెయ్యమని చెప్పి, మొదలుపెట్టాడు.

తను పనిచేసింది బయటికి సరుకు ఓడ, లోపల యుద్ధనౌక. ఓడ పక్కల చెక్కపలకల వెనక ఫిరంగులు దాచి ఉండేవి. యుద్ధంలో లేని దేశాల జెండాలు పెట్టెడు ఉండేవి, ఏ సముద్రంలో ఏ జెండా నప్పుతుందో అది ఎగరేసేవాళ్ళు. రాత్రికి రాత్రి కాదుగాని రెండు మూడు రోజులు ఎక్కడో మాటున ఆగి, రంగు మార్చేసి, పేరు మార్చేసి, పొగగొట్టం ఎత్తు కూడా మార్చేసి, ఇంకో ఓడయి బయటికి వచ్చేవాళ్ళు. ఇంగ్లీషు సరుకు ఓడ కనిపిస్తే, దారినపోయేవాళ్ళలా దగ్గరికి చేరి, ఆఖరి నిమిషంలో అసలు జెండా ఎత్తి, పలకలు దించి కాల్చేవాళ్ళు. ఓపా ఆ ఓడ వంటింట్లో రొట్టెలు చేసేవాడు. అప్పటికి ఇరవై రెండేళ్ళు. సన్నగా, తెల్లగా, మీసం కూడా సరిగా లేకుండా ఉండేవాడినని చెప్పాడు. అందుకని అతనికి ఇంకో పని కూడా అప్పజెప్పారు. ఎదుటి ఓడవాళ్ళు దుర్భిణీ పెట్టి చూస్తే యుద్ధనౌక అనే అనుమానం రాకూడదు గదా, అందుకని గౌను వేసి, టోపీ పెట్టి, ఖాళీ పిల్లల బండి ఒకటి చేతికిచ్చి, డెక్కు మీద అటూ ఇటూ తోసుకుంటూ తిరగమనేవాళ్ళట. ఎవరో ఆఫీసరు భార్య పిల్లకు గాలి కోసం తిప్పుతోందని అనుకోవాలి.

ఇది చెప్పి ఓపా కాలు సర్దుకున్నాడు. నేను గాజుగుడ్డ కత్తిరిస్తున్నాను.

“ఎదుటి ఓడవాళ్ళు రెయిలింగు దగ్గరికి వచ్చి చేతులు ఊపారు. నల్లవాళ్ళు, ఇంజను గదిలోంచి గాలికి పైకి వచ్చినవాళ్ళు. నేనూ ఊపాను. అలా ఊపమని నాకెవరూ చెప్పలేదు.”

ఏ ఓడ అని అడిగాను. నేనెందుకు అడిగానో నాకు తెలియదు. అలా మూడు ఓడల్ని పట్టుకున్నామని చెప్పి, పేర్లు చెప్పాడు. రెండోది మా నాన్న ఓడ. ఆ పేరు ఇక్కడ రాయను, ఇంకా ఎందరి ఇళ్ళల్లోనో అది ఉంటుంది. మా అమ్మ నోటంట అరిగిపోయి దాదాపు తెలుగు మాట అయిపోయిన ఆ పేరు, ఒక జర్మన్ నోటినుంచి అక్షరం పొల్లుపోకుండా వినడం అదే మొదలు.

మిగతాది కూడా చెప్పాడు. కాల్పుల్లో పోయినవాళ్ళు పోగా, మిగిలినవాళ్ళను ఖైదు చేసి ముందువైపు అడుగు అరలో ఉంచారు. కొన్ని వారాల తరవాత ఒక ఇంగ్లీషు యుద్ధనౌక వీళ్ళను గుర్తుపట్టి తరిమింది. సముద్రంలో వదలడానికని తెచ్చిన మైన్లు, తగిలితే పేలేవి, ఓడ అడుగున ఇంకా చాలా ఉన్నాయి. గుండు సరిగ్గా అక్కడ తగిలింది. ఖైదీల అర మూత తీయమని కేక వినపడి అటు పరిగెత్తానని, సగం దూరం వెళ్ళేలోపల ఓడ పేలిపోయిందని, కళ్ళు తెరిచేసరికి నీళ్ళలో ఉన్నానని చెప్పాడు. బతికినవాళ్ళు కొద్దిమంది. ఆ అరలోంచి ఎవరూ రాలేదు. నిజంగా పరిగెత్తాడో, నలభై ఏళ్ళుగా తనకు తాను అలా చెప్పుకుంటూ వచ్చాడో, నాకు ఇప్పటికీ తెలియదు.

నేను కట్టు పూర్తిచేశాను. పిన్ను పెట్టాను. గాయం శుభ్రంగా ఉంది, చీము లేదు అని చార్టులో రాశాను. మధ్యాహ్నం తెచ్చుకున్న పులిహోర తిన్నాను. ఇంటికి వెళ్తూ పాలు కొన్నాను. పంటికి మత్తు సూది వేసినప్పుడు చూడండి, అక్కడ చెంప ఉందని తెలుస్తుంది, వేలితో నొక్కితే వేలికి తెలుస్తుందిగాని చెంపకు తెలియదు. నాకు అలా ఉంది. మత్తు దిగాక నొప్పి మొదలవుతుందని నర్సుగా నాకు తెలుసు, అందుకని వారం రోజులు దానికోసం చూశాను. రాలేదు. కోపం కూడా రాలేదు. వేరే అంతస్తుకు మార్చమని అడిగితే మార్చేవాళ్ళే, నేను అడగలేదు. మరునాడు పొద్దున్నే వెళ్ళి ఆ కాలు మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మావారికి నెల తరవాత చెప్పాను. ఆయన గుంటూరు మనిషి, ఏదైనా ముక్కుసూటిగా అనడం అలవాటు. “ఇది మీ అమ్మగారి సంగతి. నీ దగ్గర దాచుకోవడానికి నువ్వెవరు?” అన్నారు. అలాగని ఏరోగ్రామ్‌లో రాస్తే, చదువురాని మనిషికి మళ్ళీ ఏ పోస్టుమాస్టరో చదివి చెప్పాలి. వీసా తెప్పించి, టికెట్టు పంపి, అమ్మను పిలిపించుకునేసరికి ఎనభై నాలుగు వేసవి వచ్చింది. వచ్చాక కూడా రెండు నెలలు నోరు పెగల్లేదు. అమ్మ అప్పటికి అరవై దాటిన మనిషి. అపార్ట్‌మెంటులో ఎయిర్ కండిషనర్ చలికి తట్టుకోలేక ఎండల్లో కూడా ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని, పొద్దున్నే స్నానం చేసి, కానీకాసంత బొట్టు పెట్టుకుని, అయిదేళ్ళ మనవరాలికి తలదువ్వుతూ, భాష సగమే తెలిసిన ఆ పిల్లతో గంటలకొద్దీ మాట్లాడుతూ ఉండేది. ఆ బొట్టు చూసినప్పుడల్లా నాకు మాట వెనక్కి పోయేది.

ఈలోగా నేను ఒక పని చేశాను. ఓపా దగ్గర కూర్చుని, మా అమ్మను తీసుకువస్తాను, ఆమె అడిగితే మా నాన్నను చూశానని చెప్పు అని బతిమాలాను. కాల్పుల్లోనే పోయాడు, బాధపడలేదు, నేను కళ్ళారా చూశాను అని చెప్పు చాలు, ఆమెకు చూసినవాడొకడు కావాలి అన్నాను. గుర్తు కోసం ఎడమ చెవి చివర గాలం తగిలి చీలి ఉండేదని కూడా చెప్పాను. పుండుకు మందు రాస్తూ అబద్ధం నేర్పాను. ఓపా సరే అన్నాడు.

అమ్మకు వంటింట్లో చెప్పాను. చేప పొలుసు తీస్తోంది. నేను చెప్పినంతసేపూ చేతులు ఆపలేదు. అంతా అయ్యాక చేపను కడిగి, గిన్నెలో వేసి, “ఎప్పుడెల్దాం?” అంది.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాం. అమ్మ జరీ అంచు చీర కట్టుకుని, పైన నా స్వెటరు వేసుకుంది. ఓపా గడ్డం గీయించుకుని, టై కట్టుకుని, ఎండ పడే గదిలో కూర్చుని ఉన్నాడు, ఎప్పటిలాగే కిటికీకి వీపు పెట్టి. అమ్మ ఎదురుగా కూర్చుంది. ఇద్దరి మధ్యా నేను, ఒక మాట అటూ ఒక మాట ఇటూ అందించడానికి. ఆయన తల వంచి, లెక్కలేనన్నిసార్లు మనసులో అనుకుని పెట్టుకున్న క్షమాపణ ఏదో మొదలుపెట్టాడు. అమ్మ చేత్తో ఆపింది.

“ఆడ్ని అడుగు. ఆళ్ళకి అన్నం ఎట్టీవోరా?”

ఆ ప్రశ్న ఇంగ్లీషులో అడగడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఓపా తల ఎత్తాడు. ఇలాంటిది ఎవరైనా అడుగుతారని ఆయన అనుకుని ఉండడు, కాని అది ఆయనకు తెలిసిన సంగతి. వంటింటివాడు కదా. మొదటి రెండు రోజులు తను చేసిన రొట్టె ఇస్తే వాళ్ళు తినలేదని, అప్పుడు వాళ్ళ ఓడలోంచి తెచ్చిన బియ్యం బస్తాలు ఇప్పించారని, వాళ్ళలోనే ఒకతను వండేవాడని, మొదట్లో రెండు పూటలని, తరవాత ఒక పూటేనని, ఉల్లిపాయలు ఉన్నన్నాళ్ళు ఇచ్చామని, ఎండుచేప కొంచెం ఉండేదని, గిన్నెలు కిందికి దించేది తనేనని, వరసగా చెప్పాడు. నేను ఒక్కొక్కటీ చెబుతుంటే అమ్మ తల ఊపుతోంది, కిరాణా కొట్టు సామాను పట్టీ వింటున్నట్టు.

తరవాత చెవి సంగతి అడిగింది. ఎడమ చెవి, చివర చీలిక. నేను ఓపా కేసి చూశాను. ఆయన నాకేసి చూశాడు. మేము అనుకున్న మాట ఇప్పుడు చెప్పాలి. ఆయన అమ్మ వైపు తిరిగాడు.

“నేను ముఖాలు చూడలేదు. గిన్నె దించేవాణ్ణి, పైకి వచ్చేసేవాణ్ణి. చూడాలంటే భయం.”

నేను తర్జుమా చేయకుండా ఊరుకున్నాను. నా నోట్లో ఇంకో మాట సిద్ధంగా ఉంది, చెప్పేస్తే ఎవరికీ తెలియదు. కాని అమ్మ అప్పటికే ఆయన తల అడ్డంగా ఊపడం చూసింది. “సూడనేదంటన్నాడు, అంతే కదా” అంది. అంతే అన్నాను.

ఓపా నా చెయ్యి పట్టుకున్నాడు. గౌను సంగతి, పిల్లల బండి సంగతి, చేతులు ఊపిన సంగతి కూడా చెప్పమన్నాడు. అది చెప్పకుండా ఆమెను పంపించవద్దన్నాడు. అమ్మకు అంతవరకు నేను ఆ ముక్క చెప్పలేదు, చెప్పాలనిపించలేదు. ఇప్పుడు చెప్పాను. అమ్మ చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది, ముసలి ముఖంలో ఆ గౌను వేసుకున్న మనిషి కోసం వెతుకుతున్నట్టు.

“అయితే ఊపే ఉంటాడు. నాను కడుపుతో ఉన్నానని తెల్సు కదా. పిల్లబండి సూసి ఊపే ఉంటాడు.”

ఆ గొంతులో దుఃఖం లేదు. సంతోషమూ లేదు. ఆయనకు ఏమని చెప్పను? ఉన్నదే చెప్పాను. ఓపా రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అమ్మ లేచి, స్వెటరు గుండీలు పెట్టుకుని, పిల్ల ఒక్కతే ఉంటుంది పద అంది. పిల్ల ఒక్కతే లేదు, వాళ్ళ నాన్న ఉన్నారు. బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చుని, టమాటాలు ఏ కొట్లో చవకో మాట్లాడుకున్నాం.

మరునాడు పొద్దున్న నేను డ్యూటీకి బయల్దేరుతుంటే అమ్మ నా చేతికి రెండు టిఫిన్ డబ్బాలు ఇచ్చింది. ఒకటి నాది. రెండోదాన్లో అన్నం, చేపల పులుసు. ఆయనకు పెట్టమంది. అమ్మా, ఆయనకు షుగరు, అన్నం పెట్టకూడదు, డైటు రాసి ఉంటుంది అన్నాను. రెండు ముద్దలే పెట్టు అంది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. డబ్బా తీసుకువెళ్ళాను.

ఆయనకు పెట్టలేదు. డైటు వల్ల కాదు. రెండు ముద్దలకు ఏమీ కాదని నాకు తెలుసు. అంతకాలం ఆ కాలు కడిగినదాన్ని, ఆ డబ్బా మాత్రం ఆయన ముందు పెట్టలేకపోయాను. నర్సుల గదిలో తలుపు వేసుకుని అదంతా నేనే తినేశాను. సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ, “తిన్నాడా?” అని అడిగింది. తిన్నాడు అన్నాను. ఆ మరునాడు కూడా డబ్బా కట్టింది. అలా ఆ వేసవి పోయి చలి మొదలయ్యేదాకా, వారానికి రెండు మూడు సార్లు ఆమె కట్టడం, నేను తినడం, తిన్నాడని చెప్పడం. ఏం బాగుందన్నాడని ఒకసారి అడిగితే, పులుసు బాగుందన్నాడని కూడా చెప్పాను. ఓపాకు ఈ సంగతి ఏమీ తెలియదు. మీ అమ్మ ఎలా ఉందని రోజూ అడిగేవాడు, బాగుందనేదాన్ని.

పుండు ఎముకదాకా పాకి, కాలు తీసేయడానికి పెద్దాస్పత్రికి తీసుకువెళ్ళారు. అక్కడే పోయాడు. సామాను ఖాళీ చేసింది నేనే. నాలుగు చొక్కాలు, ఒక టై, పెళ్ళాం ఫొటో. అమ్మకు చెబితే, “అలాగా” అంది. ఆ రోజు డబ్బా కట్టలేదు.

పై నెలలో అమ్మ ప్రయాణం. విమానంలో కాళ్ళు వాస్తాయని, బయల్దేరే ముందు బిగుతు మేజోళ్ళు విప్పి వదులుగా ఉండేవి తొడుగుదామని కింద కూర్చుని ఆమె కాళ్ళు ఒళ్ళోకి తీసుకున్నాను. కాలివేళ్ళకు మెట్టెలు లేవు. అవి ఉన్నచోట రెండు వేళ్ళమీదా తెల్లటి గీతలు, అప్పటికే సగం మాసిపోయి ఉన్నాయి. ఎప్పుడు తీసిందో, ఎన్ని నెలలుగా ఆ మేజోళ్ళ లోపల అలా ఉందో నేను అడగలేదు. తలెత్తి చూస్తే నుదుట బొట్టు ఎప్పటిలా ఉంది. “ఊళ్ళో అందరికీ ఏటని సెప్తాను” అంది, నేను అడక్కుండానే. తను చనిపోయేదాకా ఆ బొట్టు అలాగే ఉంచుకుంది. నేను వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి.

ఇదంతా విని మనవరాలు ఫోను తీసింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఓడ బొమ్మ, ఎక్కడ కట్టారో, ఏ సరుకు మోస్తోందో, కెప్టెను ఎవరో, ఇంజనీర్లు ఎవరో, అన్నీ దొరికాయి. తెల్లవాళ్ళ పేర్లన్నీ వరసగా ఉన్నాయి. చివర ఒక ముక్క, మిగిలినవారు భారతీయ సిబ్బంది అని. దానికి చాలా కోపం వచ్చింది. ఆ వెబ్‌సైటు వాళ్ళకు ఈమెయిల్ రాస్తాను, ముత్తాతగారి పేరు స్పెల్లింగు చెప్పు అంది. చెప్పాను. టైపు చేస్తూ, “అమ్మమ్మా, ఆ బాక్స్ సంగతి మీ అమ్మకి ఎప్పుడైనా చెప్పావా?” అని అడిగింది. చెప్పలేదన్నాను.

ఆ రోజుల్లో ఒక సంగతి తెలియాలంటే, తెలిసిన మనిషి ఎదురుగా కూర్చోవాలి. ఆయన ముఖంలోకి చూడాలి, నిజమా కాదా అని మనసులో తూచుకోవాలి, మనం తిరిగి ఏమంటామో అని ఆయన భయపడాలి. ఆ నర్సింగ్ హోమ్‌లో ఒక్కో అంతస్తులో అలాంటివాళ్ళు పదేసి మంది ఉండేవారు, యుద్ధానికి అటువైపువాళ్ళూ ఇటువైపువాళ్ళూ, ఒకే బల్లమీద సూపు తాగేవాళ్ళు. మేము మందులిచ్చి, పక్కలు మార్చి, ఒక్కరినీ ఏమీ అడగకుండానే పంపించేశాం. ఇప్పుడు ఆ భవనం కూడా లేదు, అక్కడ అద్దాల అపార్ట్‌మెంట్లు కట్టారట. వివరాలు మాత్రం ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. తిన్నాడా అని అడిగేవాళ్ళు లేరు, తినలేదమ్మా, నేనే తినేశాను అని చెబుదామన్నా వినేవాళ్ళు లేరు. నాతోపాటు వచ్చిన మీలో కూడా ఏటేటా తగ్గిపోతున్నారు, అందుకని, ఇంకా ఉన్న కొద్దిమందికీ చెబుతున్నాను.